బ్యాగులో సీసా, వంటింట్లో ఫ్లాస్కు

పోయిన నెల ఒక ఆదివారం మా అబ్బాయి స్కూలు బ్యాగు ఉతుకుదామని పుస్తకాలన్నీ బయట పెట్టాను. పక్క జేబులో రెండు ఖాళీ సీసాలు దొరికాయి. ఎనర్జీ డ్రింక్ సీసాలు, ఒక్కొక్కటి 20 రూపాయలది. వాడు మన స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. నేను కూడా మన దగ్గరే తొమ్మిది, పది తరగతులకు జీవశాస్త్రం చెబుతాను. ఏటా నాడీ వ్యవస్థ పాఠం చెప్పే టీచర్ ఇంట్లోనే ఈ సీసాలా అని కోపం కంటే ముందు సిగ్గేసింది.

అడిగితే దాచలేదు. శుక్ర, శనివారాల్లో రాత్రి 10 దాటాక వాళ్ల స్క్వాడ్ నలుగురూ ఎవరింట్లో వాళ్లుండి ఫోన్లలో ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడతారట. వాటిని స్క్రిమ్స్ అంటారట. ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట. నాలుగైదు మ్యాచ్‌లయ్యే సరికి అర్ధరాత్రి దాటుతుంది. "నిద్రొస్తే నా ఒక్కడి వల్ల టీమంతా ఓడిపోతది మమ్మీ, అందుకే తాగుతా" అన్నాడు. నేను వెంటనే కెఫీన్ మీద పాఠం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు ఓపిగ్గా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మరి అక్కకు టెన్త్ ఎగ్జామ్స్ అప్పుడు రాత్రిపూట ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టింది నువ్వే కదా?"

నా దగ్గర జవాబు లేదు. నిజమే. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలప్పుడు నెల రోజులు రాత్రి 9 గంటలకు చిక్కటి కాఫీ కలిపి, ఫ్లాస్కులో పోసి, పుస్తకాల పక్కన పెట్టింది నేనే. అప్పుడు అది నాకు ప్రేమగా కనిపించింది. కొడుకు బ్యాగులో సీసా మాత్రం దురలవాటుగా కనిపించింది. రెండింటిలోనూ ఉన్నది ఒకే పదార్థం. రెండింటినీ పిల్లలు తాగింది ఒకే పనికి, నిద్రను ఆపడానికి.

అప్పటి నుంచి ఈ విషయం మీద చదివాను, క్లాసులో పిల్లలతో మాట్లాడాను, ఇంట్లో కొన్ని మార్చాను. మీతో పంచుకోవాలనుకున్న అభిప్రాయం ఇదే: పిల్లల ఆటకు మనం పెట్టే నియమం, వాళ్ల చదువుకూ మనం పాటించాలి. చదువు కోసం నిద్ర చంపుకోవడాన్ని మెచ్చుకుంటూ, ఆట కోసం నిద్ర చంపుకుంటే తిట్టే ఇంట్లో పిల్లలు ఆ సీసాను మానరు, దాచిపెడతారు.

ఆటను ముందు ఆటగా చూద్దాం

ఫోనులో ఆడేదాన్ని ఆట అనడానికే మనలో చాలామందికి మనసొప్పదు. ఆ భయంలో సగం డబ్బులు పెట్టి ఆడే ఆటల వల్ల వచ్చింది. ఆ రెండూ వేర్వేరని చట్టమే చెబుతోంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బులు పందెం కాసే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా వేరే గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారు.

అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2018లో, ఇంకా 15 ఏళ్లు నిండక ముందే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో జట్టుకూ, తన బోర్డుకూ స్వర్ణం తెచ్చాడు. ఆ ఏడాది చివర్లో 2800 రేటింగ్ దాటాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అక్కడికి చేరిన రెండో భారతీయుడు అతనే. 2025లో సౌదీ అరేబియాలోని రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో తొలిసారి చదరంగాన్ని చేర్చారు. వీడియో గేమ్ ఆటగాళ్లు పోటీపడే ఆ వేదిక మీదే అర్జున్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆడి సెమీఫైనల్ దాకా వెళ్లాడు, నాలుగో స్థానంలో నిలిచాడు.

అర్జున్ పేరు చెప్పి మీ పిల్లల చేతికి ఫోను ఇవ్వమనడం లేదు. గడియారం పరుగెడుతుంటే తెర ముందు కూర్చుని నిర్ణయాలు తీసుకోవడం తేలిక పని కాదని, అందులో మెదడూ కళ్లూ చేతులూ అన్నీ అలసిపోతాయని చెప్పడానికే ఆ పేరు ఎత్తాను. క్రికెట్ ఆడే పిల్లాడు మ్యాచ్‌కు ముందు ఏం తిన్నాడు, రాత్రి ఎంత పడుకున్నాడు అని మనం అడుగుతాం. ఫోనులో మ్యాచ్ ఆడే పిల్లాడిని "ఆపావా లేదా" అనే ఒక్క ప్రశ్నే అడుగుతాం. ఆ అడగని ప్రశ్నల ఖాళీలోకే ఎనర్జీ డ్రింక్ వచ్చి కూర్చుంది. ఆ కంపెనీలు ఈ ఆటల టోర్నమెంట్లకు స్పాన్సర్లుగా ఉంటాయి. ఆటగాడి చొక్కా మీద, తెర మూలన వాటి గుర్తులే కనిపిస్తాయి. పిల్లలు దాన్ని ఆటలో ఒక భాగం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

సీసా మీద చిన్న అక్షరాలు

ఆ రోజు మా అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టుకుని సీసా లేబుల్ చదివాం. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివాళ్లు తాగకూడదనీ, రోజుకు 500 మిల్లీలీటర్లు మించకూడదనీ లేబుల్ మీద రాయాలి. రాస్తారు కూడా. కాకపోతే చదవాలంటే కళ్లద్దాలు పెట్టుకోవాలి. "పిల్లలు తాగకూడదు" అన్న వాక్యాన్ని మా అబ్బాయి ఆ రోజే మొదటిసారి చూశాడు. దాన్ని అమ్మిన షాపతను వాణ్ని వయసెంతని అడగలేదు.

లెక్క కూడా వేశాం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పిల్లలకు రోజు మొత్తంలో కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. మావాడి బరువు 45 కిలోలు. అంటే 135 మిల్లీగ్రాములు. రెండు సీసాలు తాగితే 150 దాకా వెళ్తుంది. పొద్దున తాగిన టీ, సాయంత్రం తాగిన కోలా దీనికి అదనం. 35 కిలోల ఆరో తరగతి పిల్లాడికైతే ఆ హద్దు 105 మాత్రమే. పైగా అది హద్దు, అంతవరకు తాగొచ్చని ఇచ్చిన అనుమతి కాదు. నిద్రకు ముందు ఇంకా తక్కువ మోతాదు కూడా కొందరి నిద్రను చెడగొట్టగలదని అదే సంస్థ చెప్పింది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2011లోనే తేల్చేసింది: పిల్లల, కౌమారుల ఆహారంలో ఎనర్జీ డ్రింకులకు చోటే లేదు. లిథువేనియా 2014 నుంచి, పోలండ్ 2024 జనవరి నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లకు వీటిని అమ్మడాన్నే నిషేధించాయి.

ఇక చక్కెర. లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు ఎంతో రాసి ఉంటుంది. అక్కడ 11 గ్రాములు అని ఉంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 27 గ్రాములు దాటినట్టు. టీ చెంచాతో కొలిస్తే ఆరు చెంచాల పైమాటే. మనం ఇంట్లో ఏ పిల్లాడికీ గ్లాసు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర కలిపి ఇవ్వం కదా!

అరువు తెచ్చుకున్న చురుకు

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. కెఫీన్ పనిచేస్తుంది. పెద్దవాళ్లలో చురుకుదనం పెరుగుతుంది, స్పందించే వేగమూ కొంత పెరుగుతుంది. "అదంతా ఉత్తదే" అని పిల్లలకు చెబితే వాళ్లు మనల్ని నమ్మరు, ఎందుకంటే వాళ్లు తాగి చూశారు.

కానీ అది ఎలా పనిచేస్తుందో చెబితే వింటారు. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనొసిన్ అనే పదార్థం పేరుకుపోతుంటుంది. అది ఎక్కువయ్యే కొద్దీ నిద్ర వస్తుంది. కెఫీన్ వెళ్లి అడెనొసిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, దాని కబురు మాత్రం మెదడుకు అందదు. కెఫీన్ దిగిపోగానే ఆపిన అలసటంతా ఒక్కసారిగా మీద పడుతుంది. అంటే ఆ సీసా శక్తినివ్వదు, రేపటి శక్తిని ఈ రాత్రికి అరువిస్తుంది. వడ్డీ సోమవారం మొదటి పీరియడ్‌లో కట్టాలి. బెంచీ మీద తల వాల్చిన పిల్లలను చూసే మా టీచర్లకు ఆ వడ్డీ ఎంతో తెలుసు.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగిన దానిలో సగం తెల్లవారుజామున 2 గంటలకు కూడా లోపలే ఉంటుంది. 2013లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో, పెద్ద మోతాదు కెఫీన్‌ను పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. అది కూడా పెద్దవాళ్లలో. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే. అది గణిత సూత్రమైనా సరే, ఆటలో కొత్తగా పట్టిన గురి అయినా సరే. నిద్ర తగ్గించి ఆడిన ప్రాక్టీస్ నేర్చుకోవడానికే అడ్డం పడుతుంది. మా అబ్బాయిని ఆలోచనలో పడేసింది ఈ ఒక్క మాటే.

పొడులు, గమ్మీలు, మాత్రలు

సీసాతో కథ అయిపోదు. "ఫోకస్" పెంచే గమ్మీలు, గేమర్ల కోసమని పేరు పెట్టిన పొడులు, జిమ్‌కు వెళ్లే అన్నయ్యల ప్రొటీన్ డబ్బాలు ఇప్పుడు ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికొస్తున్నాయి. మన వైపు నుంచి మనం కొనేవి కూడా తక్కువేం కావు. జ్ఞాపకశక్తి టానిక్కులు, పాలల్లో కలిపే పొడులు, పరీక్షల ముందు మల్టీవిటమిన్ మాత్రలు. పిల్లలు కొంటే వ్యసనం, మనం కొంటే పోషణ అన్న తేడా లేబుల్‌కు తెలియదు.

గతంలో పెద్ద ఆటగాళ్లే ఈ దారిలో తప్పు చేశారు. 2015లో ఒక ప్రొఫెషనల్ ఆటగాడు, పోలండ్‌లో జరిగిన పెద్ద టోర్నమెంటులో తన జట్టంతా ఏకాగ్రత మందు వేసుకుని ఆడిందని ఇంటర్వ్యూలో బయటపెట్టాడు. అది డాక్టర్లు ఏడీహెచ్‌డీ రోగులకు రాసే మందు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే ఈఎస్ఎల్ అనే నిర్వాహక సంస్థ జర్మనీలోని కొలోన్ టోర్నమెంటు నుంచి డ్రగ్ పరీక్షలు మొదలుపెట్టింది.

అలాంటి మందులు నిజంగా గెలిపిస్తాయా? చదరంగం మీద జరిగిన ఒక ప్రయోగం చాలా చెబుతుంది. జర్మనీలో 39 మంది ఆటగాళ్లకు ఒక్కో రోజు ఒక్కో మాత్ర ఇచ్చి కంప్యూటర్‌తో 15 నిమిషాల గేములు ఆడించారు. ఒక రోజు మోడాఫినిల్, ఒక రోజు మిథైల్‌ఫెనిడేట్, ఒక రోజు కెఫీన్, ఒక రోజు ఏ మందూ లేని ఉత్త మాత్ర. ఏది ఏదో వాళ్లకు తెలియదు. మొత్తం 3,000కు పైగా గేములు. 2017లో ఫలితాలు ప్రచురించారు. మందు వేసుకున్న రోజు ఆటగాళ్లు ఎక్కువసేపు ఆలోచించారు. టైము చాలక ఓడిపోయిన గేములు పెరిగాయి. చివరికి మొత్తం స్కోరు చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టైముతో ఓడిన గేములు పక్కన పెట్టి లెక్కిస్తేనే లాభం కనిపించింది. గడియారం నడిచే ఆటలో, గడియారం నడిచే పరీక్షలో అలా పక్కన పెట్టే వీలు ఎవరికుంది? పైగా మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. క్రీడా పోటీల్లో నిషేధిత జాబితాలోనూ ఉన్నాయి. మీ పిల్లల గదిలో ఎప్పుడైనా తెలియని మాత్రల స్ట్రిప్ కనిపిస్తే కేకలు వేయకుండా, ఆ స్ట్రిప్‌తో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

లేబుల్ విషయంలో ఒక తెలుగు డాక్టరమ్మను గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్, చక్కెర ఎక్కువున్న పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరును అలా వాడకూడదని ఆదేశించింది. అంతకుముందు 2024 ఏప్రిల్‌లో, పాలల్లో కలిపే మాల్ట్ పొడుల వంటి వాటిని "హెల్త్ డ్రింక్", "ఎనర్జీ డ్రింక్" విభాగాల్లో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. డబ్బా ముందు వైపు రాసింది ప్రచారం. వెనక వైపు రాసింది నిజం. పిల్లలకు వెనక వైపు చదవడం నేర్పితే చాలు, సగం పని అయిపోతుంది.

అలసటకు అసలు కారణం వేరే ఉండొచ్చు

"మా అమ్మాయి ఎప్పుడూ నీరసంగా ఉంటుంది, ఏదైనా పౌడర్ చెప్పండి" అని పేరెంట్స్ మీటింగులో చాలామంది తల్లులు అడుగుతారు. పౌడర్ కంటే ముందు రక్త పరీక్ష చేయించమంటాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఫీజు కట్టగలిగిన ఇళ్లకు ఇది వర్తించదనుకోవడం పొరపాటు. హీమోగ్లోబిన్ తక్కువగా ఉన్న పిల్ల ఆటలోనూ వెనకబడుతుంది, చదువులోనూ వెనకబడుతుంది. ఆమెకు కావలసింది ఐరన్. చేతికందేది కెఫీన్.

1918లో మొదలై ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మన ఇంటి పక్కనే ఉన్న పెద్ద దిక్కు. అది 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో మనకు పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి. టీ, కాఫీలను భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా తాగొద్దంది, వాటిలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి వెళ్లొద్దంది. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందనీ లెక్క ఇచ్చింది. ఆ లెక్క చదివినప్పుడు మా ఇంటి ఫ్లాస్కు గుర్తొచ్చింది. మూడు కప్పుల ఫ్లాస్కు అది. మా అబ్బాయి తాగిన రెండు సీసాల కంటే మా అమ్మాయికి నేను పోసిచ్చిందే ఎక్కువ.

కంచంలో ఏం పెట్టాలి

ఆటగాళ్ల తిండి అంటే ఏదో ప్రత్యేకమైన డైట్ చార్టు అనుకోకండి. పిల్లలతో మాట్లాడితే నాకు తెలిసింది ఇది. మ్యాచ్ ఉన్న రాత్రి అన్నం సరిగా తినరు. రెండు ముద్దలు తిని లేస్తారు. 11 గంటలకు ఆకలేస్తే చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్. పొద్దున ఆలస్యంగా లేచి టిఫిన్ మానేస్తారు. బస్సు వచ్చే టైముకు గ్లాసు పాలల్లో పొడి కలిపి నిలబడి తాగించి పంపిస్తాం. ఇంటర్వెల్‌కు తల నొప్పి మొదలవుతుంది.

మా ఇంట్లో మార్చింది చాలా చిన్నది. రాత్రి భోజనం 7:30కే, అందరం కలిసి, ఫోన్లు పక్క గదిలో. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు. ఇందులో కొత్తదేమీ లేదు, మన వరంగల్ ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. సాయంత్రం స్కూలు నుంచి రాగానే శనగ గుడాలో, పెసర గుడాలో, పల్లీ పట్టీయో. గుడాల మీద నిమ్మకాయ పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆడుతున్నప్పుడు పక్కన నీళ్ల సీసా. ఎండాకాలమైతే పలుచటి సల్ల. మ్యాచ్‌కు ముందు కడుపు నిండా బిర్యానీ పెడితే నిద్రొస్తుంది, దాన్ని ఆపడానికి మళ్లీ సీసా కావాలి. ఆ బిర్యానీ ఆదివారం మధ్యాహ్నానికి జరిపాం.

ఒంటిని కదిలించడం కూడా తిండిలో భాగమే. అమెరికా, కెనడాలోని 9 యూనివర్సిటీల ఈ-స్పోర్ట్స్ ఆటగాళ్ల మీద చేసిన సర్వే 2019లో వచ్చింది. 56 శాతం మందికి కళ్లు అలసిపోవడం, 42 శాతం మందికి మెడ, నడుము నొప్పులు. 40 శాతం మంది అసలు వ్యాయామమే చేయరు. కాలేజీ జట్లకు ఆడేవాళ్ల సంగతే ఇలా ఉంటే, మంచం మీద బోర్లా పడుకుని ఆడే మన పిల్లల సంగతి ఏమిటి? పొద్దున పూట భద్రకాళి చెరువు గట్టు మీద అరగంట నడక ఏ డబ్బాలోనూ దొరకదు.

ఆడే సమయం సంగతి కూడా చెప్పాలి. ఈ పిల్లలు ఎక్కువగా ఆడే బీజీఎంఐ ఆటలో 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటల హద్దు ఆ కంపెనీయే పెట్టింది. మన పిల్లలకు ఆ హద్దు తగలకపోతే కారణం ఒక్కటే, అకౌంటు మన వయసుతో తెరిచి ఉంటుంది. ఒకసారి చూడండి. మా ఇంట్లో చూస్తే వాళ్ల నాన్న పుట్టిన తేదీ ఉంది!

స్కూలుగా మన వంతు

ఇంత రాసి తప్పంతా ఇళ్ల మీద తోసేస్తే టీచర్‌గా నాకు న్యాయం కాదు. ఈ పత్రిక మన స్కూలుదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

పిల్లలు రాత్రి 10 తర్వాత ఎందుకు ఆడుతున్నారు? అంతకు ముందు వాళ్లకు ఖాళీ లేదు కాబట్టి. పొద్దున 7 గంటలకు బస్సెక్కిన పిల్లాడు స్టడీ అవర్ అయ్యాక ఇంటికొచ్చి, స్నానం చేసి, హోంవర్కు ముగించే సరికి 9:30. స్నేహితులతో ఏదైనా ఆడాలంటే మిగిలింది రాత్రే. మేం టీచర్లం కూడా రాత్రి 9:30కు వాట్సాప్ గ్రూపులో రేపటి టెస్టు సిలబస్ పెడుతుంటాం. నేనూ పెట్టాను. అలా చేసి, పిల్లలు త్వరగా పడుకోవడం లేదని పేరెంట్స్ మీటింగులో ఫిర్యాదు చేస్తాం.

అందుకే మేనేజ్‌మెంటుకు మూడు మనవులు. సాయంత్రం 7 తర్వాత గ్రూపుల్లో హోంవర్కు, టెస్టు సందేశాలు పెట్టకూడదని నియమం పెట్టండి. టైమ్‌టేబుల్‌లో ఉన్న గేమ్స్ పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వొద్దు, నాది అయిన జీవశాస్త్రానికి కూడా. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండిని స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నియమం తెచ్చింది. ప్రతి క్యాంపస్ గేటు దగ్గర ఆ 50 మీటర్లు ఒకసారి కొలిపించండి. ఇద్దరు తల్లిదండ్రులూ, ఒక టీచరూ కలిసి వెళ్లి షాపువాళ్లతో మర్యాదగా మాట్లాడితే చాలామంది వింటారు. వాళ్లకూ పిల్లలున్నారు.

"పోటీ ప్రపంచం టీచర్, కొన్నేళ్లు కష్టపడక తప్పదు" అని మీలో కొందరు అంటారని తెలుసు. నేనూ అదే మాట అనుకుని ఫ్లాస్కు నింపాను. కష్టపడటం వేరు, నిద్ర అమ్ముకోవడం వేరు. నిద్రపోయిన పిల్లాడు రెండు గంటల్లో చేసే పని నిద్ర లేని పిల్లాడికి నాలుగు గంటలైనా తెమలదు. దీన్ని నేను ప్రతి మార్చిలో పేపర్లు దిద్దుతూ చూస్తున్నాను. తెలిసిన లెక్కను చివర్లో తప్పు చేసే పిల్లలు, ప్రశ్న సగమే చదివి జవాబు రాసే పిల్లలు.

ఒకే నియమం

ఆ ఆదివారం రాత్రి నేనూ, మా అబ్బాయీ ఒక ఒప్పందానికి వచ్చాం. మ్యాచ్‌లు శని, ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 7 వరకు. రాత్రి 10 గంటలకు అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్, నాది, వాళ్ల నాన్నది కూడా. ఎనర్జీ డ్రింక్ ఇంట్లోకి రాదు. పరీక్షలప్పుడు కాఫీ ఫ్లాస్కు కూడా రాదు. ఈ చివరిది వాడు పెట్టిన షరతు. కాలేజీలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేసి చెబితే ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "మమ్మీ, ఆ నెలంతా నాకు చేతులు వణికేవి. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు" అంది.

నేను జీవశాస్త్రం టీచర్‌ని. నా కూతురి చేతులు వణకడం నేను చూడలేదు.

టైము మార్చుకోవడానికి స్క్వాడ్‌లో ఒక పిల్లాడు ఒప్పుకోలేదు. మిగతా ముగ్గురూ ఇంకొకరిని వెతుక్కున్నారు. మొదటి వారం మావాడికి తలనొప్పి, చిరాకు. రోజూ కెఫీన్ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే అలా ఉంటుంది, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే మాత్రం ఇంట్లో చూస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. ఏ డ్రింకు, ఎన్ని తాగారో దాచకుండా చెప్పించండి. దాచకుండా చెప్పాలంటే, చెబితే తిట్టరనే నమ్మకం వాళ్లకు ముందే ఉండాలి.

ఈ శనివారం సాయంత్రం ఒక పని చేద్దాం. పిల్లల బ్యాగు పక్క జేబు ఒకసారి చూడండి. తర్వాత పిల్లలను పిలిచి మన వంటింటి అల్మారా చూపించండి. అక్కడి డబ్బాల వెనక వైపు రాసింది వాళ్లనే పైకి చదవమనండి. వాళ్ల సీసాల మీదిది మనం చదువుదాం.